దొరగారి కుక్కకు ఏకాదశి

చిరంజీవి శరభయ్యకు మేనమామ వ్రాయునది. ఆశీస్సులు చివర వ్రాస్తాను, ముందు చీవాట్లు చదువుకో.

కాలువల ఇంజనీరు దొరగారు నెల్లాళ్లు చూడమని నీకు అప్పగించిన దూడంత కుక్కకు చారన్నం పెట్టి, ఏకాదశినాడు ఉపవాసం కూడా ఉంచేవా? అది మన గోత్రం కాదురా, వెధవా! డొక్కలెండి రేవుకు పారిపోయేక, ఇప్పుడు దాన్ని తిరిగి తెచ్చి ఏం పెట్టమంటారని నన్నడుగుతావా?

రేవులో పడవ నడిపే ముసలయ్యను కనుక్కున్నాను. "మా యింట ఎండుచేపల కూడు తింటోందండి. శరభయ్య పంతులుగారి గొంతు వింటే మంచం కిందికి దూరుతోందండి, ఆయ్" అన్నాడు.

దొరగారి కచేరీలో నీ గుమాస్తా కొలువు నిలవాలంటే, దొర వచ్చేదాకా దాన్ని అక్కడే ఉండనియ్యి. నువ్వు రేవు ఛాయలకు పోకు.

ఇక ఆశీస్సులు. నీ చేతి అన్నం తిని కూడా బతికింది గనక, అవి ఆ కుక్కకే.