దుర్భిణిలో వణికిన మనిషి

బాపట్ల,
మాఘమాసం.

చి.సౌ. కామేశ్వరికి,

అక్క అనేక ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగున్నాం. తెనాలిలో నువ్వూ, నీ దగ్గరున్న వదినా వేళకు తింటున్నారని నమ్ముతున్నాను. వదిన తినదని తెలిసే నమ్ముతున్నాను.

నెలలు గడిచినా కూతురింట్లో నేనింకా చుట్టాన్నే. ఈ ఊళ్ళో ఉప్పు పప్పులో తక్కువ, గాలిలో ఎక్కువ. మాటకు తోడు లేదు. అల్లుడు కాలేజీలో ఫిజిక్సు చెప్పి వచ్చి తన దుర్భిణి ముందు కూర్చుంటాడు. పళ్ళెమంత గాజును తానే నూరి దానికి అద్దం చేశాడు. అద్దం ఎంత పెద్దదైతే అంత వెలుగు పోగవుతుందట, అంత సన్నని వివరమూ తెలుస్తుందట.

కార్తీకంలో ఉప్పెన వచ్చిన రోజు, రేపల్లె దిగువన కోతలు చూడబోయిన అన్నయ్య జాడ ఇంతవరకూ లేదు. ఆ దుర్భిణితో సముద్రం వైపు ఒకసారి చూడమని రాశావు. కనబడలేదని నేను రాస్తే వదిన బొట్టు తీయించడానికి బాబాయి ముహూర్తం పెట్టుకు కూర్చున్నాడనీ రాశావు. చూశాను.

మొన్న గురుగ్రహం చూపిస్తానని అల్లుడు సూర్యలంక తీసుకెళ్ళాడు. ఇంకా పొద్దుంది. రేపల్లె వైపు తిప్పమన్నాను.

"ఇది నక్షత్రాల కోసమండి అత్తయ్యగారూ. మనుషులు తలకిందులుగా కనిపిస్తారండి."

"మన చుట్టాలు ఎప్పుడూ అంతే. తిప్పు నాయనా."

దూరాన పడవ. అందులో కండువా వేసుకున్న ఒక మనిషి, ఎడమ భుజం వాల్చి, అచ్చం అన్నయ్యలాగే. ముఖం మాత్రం నీళ్ళలో నీడలా వణుకుతోంది. ఇంకా పెద్దది చెయ్యమన్నాను. కంటి దగ్గరి కటకం మార్చాడు. ముఖం పెద్దదై మరీ చెదిరిపోయింది.

"మధ్యనున్న గాలండి, పొయ్యి మీద సెగలా కదులుతుంది. బొమ్మను పెంచితే వణుకూ పెరుగుతుందండి. నక్షత్రాలకూ ఇదే గొడవ. ఎంత మంచి అద్దమైనా ఏం చెయ్యలేదండి."

"అయితే అతనెవరో తెలియదంటావు."

"ఎవరికీ తెలియదండి."

చీకటి పడింది. పడవ ఎటు పోయిందో కనబడలేదు. గురుగ్రహాన్ని చూడకుండానే వచ్చేశాను. కళ్ళు మూస్తే ఆ మనిషి అలాగే తలకిందులుగా నిలబడి ఉంటున్నాడు.

బాబాయికి నా నమస్కారాలు చెప్పి ఈ ముక్క చదివి వినిపించు: అన్నయ్య లేడని దుర్భిణి చెప్పలేదు, నేనూ చెప్పను. వదిన బొట్టు జోలికి ఎవరూ వెళ్ళొద్దు. ముహూర్తం వృథా పోతుందని బాధైతే తననే గుండు చేయించుకోమను.

పిల్లలకు దీవెనలు. వదినకు పడవ సంగతి చెప్పకు. మాటల్లో పెట్టి, ఆ రోజు అన్నయ్య ఏ రంగు కండువా వేసుకెళ్ళాడో కనుక్కుని వెంటనే రాయి. గాలి ముఖాన్ని చెరిపినంతగా రంగును చెరపదట.

నీ అక్క,
రాజ్యలక్ష్మి