మోటారు గది వెనుక పుల్లజామ

హేమచంద్ సార్‌కు,

చిన్న మంగళారం ఊర్ల ఉన్న మీ జామతోట నుంచి మీ మాలి రాస్తున్న. ఆఫీసుల మీటింగ్ ఉన్నదని మీరు ఫోన్ పెట్టేసిండ్రు, అందుకే కాగితం పట్టిన.

జామకు పిండినల్లి పురుగు పడితే, మందు సరిగ్గ కొట్టలేదని నన్ను తిట్టిండ్రు. మూడుసార్లు కొట్టిన సార్. ఇదివరకు తోటల ఉన్నవన్నీ గింజ నుంచి మొలిచిన చెట్లు, ఏ రెండు చెట్లూ ఒక తీరు కాదు. ఒకటి పూత రాల్చేసరికి ఇంకొకటి పూసేది, తేనెటీగలు తోట విడిచేవి కావు. ఒకదానికి పురుగు పడితే పక్కది నిలిచేది. మీ పాప సిరికి ఒక చెట్టు కాయలు నచ్చినయని, మిగిలినవన్నీ తీసేసి దాని అంట్లే నాటమన్నరు. నేను వద్దన్న. "చెప్పింది చెయ్" అన్నరు. రెండు వందల అంట్లు ఈ చేతులతోనే కట్టిన. ఒక్క చెట్టునే రెండు వందల చోట్ల పెట్టినట్టయింది. ఒకదానికి పట్టిన పురుగు అన్నిటికీ పట్టింది. పూత మాడి తేనెటీగలు పోయినయి. పక్క చేను రామచంద్రయ్య గుమ్మడి పిందె పడతలేదని నన్నే అడుగుతున్నడు.

మోటారు గది వెనుక ఉన్న పాత పుల్లజామ చెట్టును కూడా నరికేసిన అని నిరుడు మీకు అబద్ధం చెప్పిన. దానికి పురుగు లేదు. మిగిలిన తేనెటీగలన్నీ దాని మీదనే ఉన్నయి. ఆదివారం వచ్చి మీరే చూడుండ్రి. గొడ్డలి అడిగితే మాత్రం ఇయ్య.