రైసూత్ ఒడ్డున దిగిన బూడిదరంగు పిట్ట

లసుమక్కకు తమ్ముడు రాజేశం కాళ్లు మొక్కి రాసేది. నేను మంచిగున్న. నీ పానం ఎట్లున్నది? పిల్లలు బడికి పోతున్నరా? బాపు పోయినప్పటి సంది నువ్వు సరిగ తింటలేవని చిన్నమ్మ చెప్పింది. ఫోన్ల అయితే నువ్వు ఏడుస్తవు. అందుకే రాసి, లీవు మీద వచ్చే నర్సయ్య చేతికిస్తున్న.

ఇక్కడ ఖరీఫ్ నడుస్తున్నది, ఈడి ముసురు కాలాన్ని గట్లంటరు. ఒమాన్ అంతా ఎండకు మాడుతుంటే మా దగ్గర పొద్దంత మంచు, తుంపర. డ్యూటీ రైసూత్ పోర్టులనే, ఓడలకు బస్తాలు ఎక్కించుడు. తిండికి ఫికరు లేదు. నా గురించి పరేషాన్ గాకు.

అక్కా, నాకు సెలవు దొరకకపోతే బాపుకు నిప్పు నువ్వు పెట్టినవు. బాపు పేరు మీద పిట్టకు ముద్ద పెట్టిన నాడు కాకి ముట్టలేదని, ఆడిపిల్ల నిప్పు పెడితే గిట్లనే అయితదని కులపోళ్లు నిన్ను అన్నరంట. ఆ మాట నన్ను కూసోనిస్తలేదు. కొడుకు పెడితే ముడుతదేమో అని మొన్న శుక్రవారం అరటాకుల అన్నం, గుడ్డు కూర, ఒక బీడీ పట్టుకొని సముద్రం ఒడ్డుకు పోయిన.

కాకులు వచ్చినయి. ఆకు దాకా వచ్చి, ఏమైందో ఏమో, అన్నీ ఒక్కసారే లేచిపోయినయి. మంచులకెళ్లి ఒక పిట్ట దిగింది. ఒళ్లంత పొయ్యిల బూడిద రంగు, తలకాయ తెల్లగ, ముక్కు, కాళ్లు బొగ్గు లెక్క నలుపు. రోజూ చూసే సముద్రపు పిట్ట గాదు. అరుస్తలేదు, కదుల్తలేదు, నన్నే చూస్తున్నది.

అక్కడ గాలం ఏసిన ఓడ వంటాయన, చిలీ దేశపోడు, దాన్ని చూసి గాలం ఇడిచిపెట్టిండు. అది వాళ్ల చిలీ, పెరూ దిక్కు ఒడ్లల్ల తప్ప బతుకదని వచ్చీరాని ఇంగ్లీషుల చెప్పిండు. చుక్క నీళ్లు లేని ఎడారిల గుడ్డు పెడుతదంట. ఒకటి గుడ్డుకు నీడ పట్టి నిలవడితే, ఇంకోటి సముద్రానికి పోయి చీకట్ల మేత మోసుకొస్తదంట. పొదిగే కాలంలనే తల తెల్లబడుతదంట, ఇది ఆ కాలం గాదంట. ఛాతి మీద శిలువ గీసుకొని ఓడెక్కిండు. నాకు బాపు యాదికొచ్చిండు. ఆయన గూడ ఇదే ఒమాన్ ఎడారిల ఒంటెలు మేపి మనల సాదిండు గదా.

"బాపూ, నీ కొడుకును వచ్చిన, ముట్టు" అన్న. ముట్టలేదు. ఇంటికొస్త అన్న, అక్కను మంచిగ చూసుకుంట అన్న. అట్లనే చూస్తున్నది. ఆఖరుకు, "ఇది నేను పెట్టింది గాదు బాపూ, అక్క పెట్టిన ముద్ద" అన్న.

తల వంచి తిన్నది. మెతుకు మిగల్చలేదు. లేస్తుంటే రెక్కల అంచుకు తెల్ల గీత కనవడ్డది. మళ్ల రాలేదు.

బావకు, చిన్నమ్మకు నా దండాలు. నర్సయ్య తోని కారంపొడి పంపు. కడుపునిండ తిను అక్కా, నన్ను దీవించు. ఏడాది మాసికం గూడ నువ్వే పెట్టు. ఈ ఉత్తరం కులపోళ్ల ముందట చదివిపియ్యి. బాపుకు నిప్పు పెట్టాల్సినోళ్లే పెట్టిండ్రు.

నీ తమ్ముడు
రాజేశం