చూద్దాంలే అన్నందుకు

జూలై 14, సోమవారం
నిన్న ఈయన కారు కడిగించుకొస్తానని తీసుకెళ్ళారు. తిరిగొచ్చింది నా కారులా లేదు. నాలుగు చక్రాలూ బయటికి తోసుకొచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డ వస్తాదులా ఉంది. స్పేసర్లు వేయించారట. చక్రానికీ, అది బిగించే హబ్బుకీ మధ్య చిటికెన వేలంత మందాన అల్యూమినియం బిళ్ళ. మలుపుల్లో కారు ఒరగదట. శ్రావణంలో వాళ్ళ అన్నగారబ్బాయి పెళ్ళి ఊరేగింపులో చూడ్డానికి బాగుంటుందట.
"నన్నడగలేదేంటండీ?"
"అడిగాగా. చూద్దాంలే అన్నావు."
అన్నాను. నిజమే. కానీ ఈ ఇంట్లో చూద్దాంలే అంటే వద్దనేగా! వంటింట్లో చిమ్నీ పెట్టిద్దామంటే చూద్దాంలే. అరకు వెళ్దామంటే చూద్దాంలే. పదిహేనేళ్ళుగా ఏదీ చూసింది లేదు. ఆయన నోట వద్దయిన మాట నా నోట సరే ఎలా అయిందో!

జూలై 15
ఒప్పుకోక తప్పదు... ద్వారపూడి దాటాక మలుపులో కారు అస్సలు ఊగలేదు. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

జూలై 17, గురువారం
వెనక సీట్లో మా అమ్మాయి చిన్ని, దాని ఇద్దరు స్నేహితురాళ్ళు. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డుకి గీసుకుంటోంది. ఇంటికొచ్చి చెబితే — "కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది." కరిచి కరిచి మానడానికి అదేమన్నా చెప్పుల జతా?

జూలై 18, శుక్రవారం
ఇవాళ్టిది రాయాలి.
పొద్దున్న కాలువ గట్టు రోడ్డు. కాలువ నిండుగా ఉంది. చిన్నిని స్కూల్లో దింపి రాజమండ్రి బ్యాంకుకి వెళ్ళాలి. స్టీరింగ్ వణికింది. ముందు ఎడమ చక్రం నుంచి టక్... టక్... వారగా ఆపి దిగాను. చక్రం నట్లు పట్టుకుంటే రెండు వేళ్ళతో తిరిగాయి. వేళ్ళతో!
"అమ్మా, ఏమైంది?"
"ఏం లేదమ్మా, గాలి చూస్తున్నా."
డిక్కీలోంచి స్పానర్ తీశాను. ఒక నట్టు విప్పి చూస్తే నాలుగు చుట్లకే చేతిలోకి వచ్చేసింది. మధ్యలో ఆ బిళ్ళ దూరింది కదా, బోల్టు ఇక అందేది అంతే. తాళికైనా మూడు ముళ్ళు వేస్తుంటే పెద్దవాళ్ళు చూస్తారు. దీనికి నాలుగు చుట్లు, చూసేవాళ్ళు లేరు. అన్నీ బిగించి, ముప్ఫైలో నడుపుకుంటూ వెళ్ళాను. అద్దంలో చిన్ని లెక్కల పుస్తకం చూసుకుంటోంది.
సాయంత్రం ఈయన అంటారూ — "యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించుకోమన్నాడు మెకానిక్ వెంకన్న. నీకు చెప్పడం మర్చిపోయా."
టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మాత్రం మర్చిపోలేదు.

జూలై 21, సోమవారం
బ్యాంకుకి సెలవు పెట్టి వెంకన్న షెడ్డుకి వెళ్ళాను. ఆ బిళ్ళలు వేసింది అతనే.
"బోల్టులు పొట్టివండి, పొడుగువి తెప్పించాలండి అని సార్‌తో చెప్పానండి. ముందు వేసెయ్ అన్నారండి. మీ ఇష్టమండి అన్నానండి."
మీ ఇష్టమండి! వద్దు అనడానికి ఇతనికి తెలిసిన మాట అదొక్కటే. ఈయనకేమో అది సరే అని వినబడింది. తిట్టబోయి ఆగాను. నేను చేసింది మాత్రం ఏంటి? నా చూద్దాంలే కూడా ఆ బాపతే. మా మర్యాదలు తగలెయ్యా! ముగ్గురం మర్యాదస్తులం, ముగ్గురి మర్యాదా కలిసి ఆ పిల్లని కాలువ అంచుదాకా తీసుకెళ్ళింది.
తీసెయ్యమన్నాను.
"సార్‌ని ఒక్క మాట అడిగి తీస్తానండి."
"కారు నా పేరున ఉందండీ."
"తెలుసండి."
తెలిసే నా ఎదురుగా ఫోన్ చేశాడు. అటు నుంచి ఏం చెప్పారో, స్పానర్ కింద పెట్టేశాడు. పెళ్ళయ్యాక చూసుకుందామన్నారట.

జూలై 22
నేను బస్సు. చిన్ని ఆటో. పప్పులో ఉప్పు ఎక్కువైంది. కావాలని కాదు... కావాలనే.

జూలై 27, ఆదివారం
కారు పక్కన మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. పేజీకి గ్రీజు అంటుతోంది. అంటనీ.
ఫోన్‌లో వీడియో రెండుసార్లు చూశాను. స్పానర్ మీద ఎక్కి నిలబడితే గాని నట్లు కదల్లేదు. జాకీ పెట్టి చక్రం లాగితే మోకాలి మీద పడింది. బిళ్ళ తీసి పక్కన పెట్టి, చక్రం ఎక్కించి నట్టు తిప్పాను. పదకొండు చుట్లు. ఏడుపొచ్చింది.
ఎడమ ముందుది అయింది. కుడి ముందు చక్రానికి రెండు నట్లు మొండికేశాయి.
ఈయన గుమ్మంలోకి వచ్చారు. "నువ్వు లోపలికి రా. నలుగురూ చూస్తున్నారు. వెంకన్నని పిలుస్తాలే."
"వద్దు."
అంతే అన్నాను. 'అండీ' కూడా లేదు. ఆ మాట ఆయనతో ఇంత ఉత్తిగా ఎప్పుడూ అనలేదు. ఆయన మొహంలో కోపం కూడా లేదు. ఎవరో కొత్త మనిషి పలికినట్టు చూశారు.
లోపలికి వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. ఇప్పుడు లుంగీ ఎగ్గట్టుకుని నా ముందు నిలబడి, స్పానర్ కోసం చెయ్యి చాపారు.
నట్లు విప్పడానికో, నన్ను మాన్పించడానికో...
స్పానర్ నా ఒళ్ళోనే ఉంది. ఇంకా ఇవ్వలేదు.