తట్టి ఆగడం

అవ్వా,

ఈరోజు నా ప్రాక్టికల్ పరీక్ష బాగా జరిగింది. రోగి ఊపిరితిత్తులు చూడమన్నారు. ముత్తియాల్‌పేట ఇంట్లో ఫోన్‌లో వీడియో పెట్టుకుని, నీ వీపు మీద ఒక వేలు ఆనించి, దాని మీద ఇంకో వేలితో తట్టి నేర్చుకున్నదే. తట్టినప్పుడల్లా నువ్వు, "ఎవురే తలుపు తట్టేది? ఉండాను, లోపలికి రా!" అనేదానివి. నేను నవ్వాపుకుని మళ్ళీ తట్టేదాన్ని.

ఇవాళ రోగి తేంగాయితిట్టులో చేపలమ్మే ఒకామె. ఆమె వీపు మీద తట్టాను. చప్పుడు ఎక్కడ మారిందో సరిగ్గానే చెప్పాను.

"తట్టిన ప్రతిసారీ ఆగి వింటున్నావు. అందరూ గబగబా తట్టేస్తారు. ఎవరమ్మా నేర్పింది?" అన్నారు సార్.

"మా అవ్వ, సార్" అన్నాను.

ఆగింది నీ జవాబు కోసమని మాత్రం చెప్పలేదు.