పిడికెడు బియ్యం

డిసెంబరు, ఆదివారం

పొద్దంతా మంచు విడలేదు. నిన్న కోసిన కాఫీ పళ్లు ఆరక వాసన మొదలైంది.

డ్యాము నీళ్లలో మా ఊరూ మునుగుతుందని తేలాక చర్చిలో ఇదే మాట. ఇవాళ పాస్టరు అయ్యగారు ఇశ్రాయేలీయులను బందీలుగా పట్టుకుపోయిన బబులోను చెర గురించి చెప్పారు. యెరూషలేములో దేవాలయం కూలినా, పరాయి దేశంలో కూడా దేవుడు వాళ్లను వదల్లేదన్నారు.

అమ్మ చాప మీంచే అడిగింది. "ఆళ్లు తిరిగొచ్చినారు కదా అయ్యగారూ. కూలిన గుడి మళ్లీ కట్టుకున్నారు. నీళ్ల కిందున్న ఊరికి మనం ఏటని తిరిగొస్తాం?"

అయ్యగారు ప్రార్థన చేద్దాం అన్నారు.

వండే ప్రతిసారీ దేవుడికని పిడికెడు బియ్యం కుండలో వేసి, ఆదివారం చర్చిలో ఇస్తాం. ఇవాళ మా తమ్ముడి పెళ్లాం తన కుండ తేలేదు.

"బియ్యమేటయిందే?" అంది అమ్మ.

"సర్కారోళ్లు కట్టిన కొత్త కాలనీలో ఇస్తానత్తా."

"అక్కడ చర్చి ఎక్కడుందే?"

తమ్ముడు బయట సామాన్లెక్కించిన వ్యానుకి తాళ్లు బిగిస్తున్నాడు.

ఊళ్లోంచి అప్పటిదాకా ఎవరూ కదల్లేదు. భోజనాల వేళకి తమ్ముడూ మరదలూ వెళ్లిపోయారు. వ్యానులో మరదలు బియ్యం కుండ ఒళ్లో పెట్టుకుంది.