ఎడ్గార్ చేసిన మీట

1979 జనవరి 15, ల సాంతియే, స్విట్జర్లాండ్
ఎడ్గార్‌ను మట్టి చేసి వారమైంది. ఈ రోజు పనిలోకి వెళ్ళాను. నా భర్త బల్ల నా బల్ల పక్కనే. పూర్తికాని గడియారం గాజు మూత కింద అలాగే ఉంది. ఏ నెలకు ఎన్ని రోజులో తనకే తెలిసే క్యాలెండర్, సెకన్లు కొలిచే స్టాప్‌వాచ్, రెండూ ఒకే చేతి గడియారంలో. ఎడ్గార్ తాత కాలంలో ఆ రెండూ కలిస్తే జేబు చిరిగేంత లావు. వాళ్ళ నాన్న కాలంలో మణికట్టు మీదికి వచ్చాయిగానీ, నెలాఖరుకు తేదీని చేత్తో సరిచెయ్యాల్సి వచ్చేది. ఎడ్గార్ అదీ వద్దన్నాడు.

చిక్కొకటే. తేదీ మారుతుండగా స్టాప్‌వాచ్ బటన్ నొక్కితే గడియారం ఆగిపోతుంది. ఉన్న స్ప్రింగ్ ఒక్కటే. దాని బలం రెండింటికీ చాలడం లేదు.

ఏడుపు రాలేదు.

జనవరి 18
యజమాని బెర్నీ వచ్చి నిలబడ్డాడు. లోయలో ఇంకో కార్ఖానా మూశారట. బ్యాటరీ గడియారాలు సంతలో కూరగాయల్లా అమ్ముతున్నారట. స్టాప్‌వాచ్ తీసేసి ఉత్త క్యాలెండర్‌గా ముగించమన్నాడు. ఈస్టర్ దాకా గడువు అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

జనవరి 23
మంచు. వెళ్ళాను. వచ్చాను.

ఫిబ్రవరి 6
తెలిసింది. తప్పు స్ప్రింగ్‌ది కాదు. తేదీని నెట్టే మీట బరువెక్కువ. ఎడ్గార్ దాని అంచులు వాలుగా దిద్ది అద్దంలా మెరుగుపెట్టాడు. గడియారం నడవాలంటే ఆ అంచులు పోవాలి. కొత్త మీట చేస్తే ఇదసలు ఉండదు. ఇదే ఉండాలంటే అరగదీయాలి.

సూప్ తాగుతూ అత్తయ్యకు చెప్పాను. ఆవిడా ఒకప్పుడు మెరుగు పని చేసిన మనిషే.

"అంటే నా కొడుకు తప్పు చేశాడంటావా, లిడీ?"

"అవునత్తయ్యా."

రొట్టె వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 13
ఆకురాయి పట్టాను. ఉక్కు పొడి గుడ్డ మీద రాలింది. దులిపేశాను. గుండె మామూలుగానే కొట్టుకుంది.

మార్చి 2
ముళ్ళు తిప్పి, తేదీ కదులుతుండగా బటన్ నొక్కాను. ఆగలేదు. మళ్ళీ నొక్కాను. ఆగలేదు. ఎడ్గార్ ఉంటే ఎంత సంతోషించేవాడో అన్నాడు బెర్నీ. అవునన్నాను.

మార్చి 9
అత్తయ్య మంచులో ఒక్కతే నడుచుకుంటూ కార్ఖానాకు వచ్చింది. ఇన్నాళ్ళూ నాతో మాటంటే ఉప్పు అందించమనడమే. ముళ్ళు నేను తిప్పాను, బటన్ ఆవిడ నొక్కింది. సన్న ముల్లు పరుగెత్తుతుంటే చాలాసేపు చూసింది.

"వాడు ఒప్పుకునేవాడు కాదు," అంది.

"కాదు. అరిచేవాడు."

"ఆ తర్వాత?"

"తనే అరగదీసేవాడు."

తల ఊపింది. ఇద్దరం కలిసే ఇంటికి వచ్చాం.

మార్చి 26
జెనీవాలో ఎవరో కొన్నారు. బెర్నీ ఇంకోటి చెయ్యమన్నాడు.

ఏప్రిల్ 3
కొత్త గడియారానికి మీట. మొదట ఎడ్గార్ చేసినట్టే చేశాను, అంతే బరువుగా, అంచులు దిద్ది, మెరుగుపెట్టి. ఆ తర్వాత ఆకురాయి తీసుకున్నాను.

అరగదీయడానికి చెయ్యి రాలేదు.